అలసిన గుండెకు యంత్రపు అండ

మనుష్యుని గుండె వాని పిడికిలియంత కండరపు సంచి. విశ్రాంతిగా నున్న పెద్దవారిలో అది నిమిషమునకు సుమారు 70 సార్లు కొట్టుకొని 5 లీటర్ల రక్తమును ముందునకు నెట్టుచుండును. దినమునకు లెక్కించినచో అది 7,000 లీటర్లు; ఒక నీళ్ళ టాంకరులో పట్టునంత. తల్లి గర్భములో నుండగనే మొదలైన ఆ పనికి జీవితాంతమువరకు సెలవు లేదు. అట్టి అవయవమును కొంతసేపు ఆపి, తెరచి, లోపలి లోపమును సరిచేసి, మరల నడిపించుట గత శతాబ్దపు వైద్యము సాధించిన ఘనకార్యములలో నొకటి. దానిని గూర్చి పత్రికలు చాల వ్రాసినవి. అంతగా వ్రాయనిది మరియొకటి కలదు. శస్త్రచికిత్స అంతయు సక్రమముగా ముగిసిన పిమ్మట గుండె తన భారమును తిరిగి తలకెత్తుకొనలేకపోయినచో ఏమి చేయవలెను?

ఇట్లు జరుగుట తరచు కాదు. గుండెను తెరచి శస్త్రచికిత్స చేయించుకొనిన పెద్దవారిలో సుమారు నూటికి 2 మొదలు 6 మందికి ఇట్టి తీవ్రమైన బలహీనత కలుగుచున్నదని వైద్యులు చెప్పుదురు. అందు కొందరు మందులతో తేరుకొందురు. పెద్ద యంత్రము యొక్క అండ అవసరమగువారు వేయింటికి 5 మొదలు 15 మంది మాత్రమే. సంఖ్య చిన్నది కావున దానిని గూర్చి రోగితో ముందుగా ప్రస్తావింపనక్కరలేదని పలువురు వైద్యుల తలంపు. ఈ తలంపు సరియైనది కాదని నా అభిప్రాయము. ఆ యంత్రములను గూర్చి రోగికిని, వాని యింటివారికిని శస్త్రచికిత్సకు ముందే, పగటివేళ, తీరికగా చెప్పవలెను. ఎందులకు చెప్పవలెనో తెలియుటకు ఆ యంత్రము లెట్టివో, అవి చేయగలదేమో, చేయలేనిదేమో మొదట తెలిసికొనుట మేలు.

1953 మే 6వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున డాక్టరు జాన్ గిబ్బన్ 18 సంవత్సరముల యువతికి గుండె పైగదుల నడుమనున్న గోడలోని రంధ్రమును కుట్టి మూసెను. ఆ సమయమున 26 నిమిషములపాటు ఆమె గుండె చేయు పనిని, ఊపిరితిత్తులు చేయు పనిని ఒక యంత్రమే చేసినది. ఆ మరుసటి సంవత్సరము మినియాపొలిస్ నగరమున డాక్టరు లిల్లెహై యంత్రమే లేకుండ మరియొక మార్గము త్రొక్కెను. బిడ్డ ప్రక్కన తండ్రినో తల్లినో పరుండబెట్టి, వారి రక్తనాళములను బిడ్డ రక్తనాళములతో గొట్టముల ద్వారా కలిపి, వారి గుండెయే బిడ్డను పోషించుచుండగా బిడ్డ గుండెను సరిచేసెను. తల్లిదండ్రులు బిడ్డలకు ప్రాణము పోయుదురని లోకములో వాడుకగా అనుమాట అక్కడ అక్షరాల జరిగినది. మన దేశమున 1961లో వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలయందు ఇట్టి శస్త్రచికిత్స జయప్రదముగా జరిగినది. నేడు పెద్ద నగరములన్నిటిలో ఇది నిత్యకృత్యమై పోయినది.

గుండెను ఆపుటకు వైద్యులు సాధారణముగా పొటాసియము ఎక్కువగా గల చల్లని ద్రవమును దాని ధమనులలోనికి పంపుదురు. గుండె మెత్తబడి నిశ్చలమగును. బృహద్ధమనికి పట్టుకారు వేసినందున గంటయో, రెండు గంటలో, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువయో గుండె కండరమునకు తన మామూలు రక్తము అందదు. చలువ వలనను, ఆ ద్రవము వలనను దాని ఆకలి చాలవరకు తగ్గియుండును గాని పూర్తిగా పోదు. పట్టుకారు తీసి రక్తము వదలగనే చాలమందిలో గుండె కొద్ది నిమిషములలో లయ పట్టుకొనును. కొందరిలో మాత్రము కొట్టుకొనును గాని ముడుచుకొనుటలో బలముండదు. దీనికి కారణము కండరము చచ్చుట కాదు, మొద్దుబారుట. రక్తపు కొరత తీరిన పిమ్మట సయితము సజీవమైన కండరము కొన్ని గంటలు, కొన్ని దినములు మొద్దుబారి యుండగలదని 1982లో బ్రౌన్‌వాల్డు, క్లోనరు అను వైద్యులు స్పష్టముగా ప్రతిపాదించిరి. ఈ ఒక్క భేదము మీదనే ఈ వ్యాసమునకు విషయమైన యంత్రములన్నియు ఆధారపడియున్నవి. చచ్చిన కండరమును ఏ యంత్రమును బ్రతికింపలేదు. మొద్దుబారిన కండరమునకు కావలసినది విశ్రాంతి.

ఆ విశ్రాంతిని మందులు ఇయ్యలేవు. అడ్రినలిను మొదలగు మందులు గుండెను గట్టిగా ముడుచుకొనునట్లు చేయును. రక్తపు పోటు పెరుగును. కొంతవరకు అవి మేలే. కాని బురదలో దిగబడిన బండిని లాగలేక మోకాళ్ళపై కూలిన ఎద్దును ములుగఱ్ఱతో పొడిచినచో అది నాలుగడుగులు వేసినను వేయును, అక్కడనే ప్రాణము విడిచినను విడుచును. మోతాదు పెంచినకొలది గుండె తినెడి ప్రాణవాయువు పెరుగును, లయ తప్పును, ప్రేగులకును, మూత్రపిండములకును, చేతులు కాళ్ళ కొనలకును పోవు రక్తనాళములు బిగిసికొనిపోవును. తెలిసిన రైతు ఎద్దు మెడమీది కాడి తీసి, మరియొక ఎద్దును కట్టి, దీనిని నీడకు తోలును. యంత్రము చేయునది ఆ పనియే.

అయితే కాడి తీయుటకు ముందు ఎద్దు కాలిలో ముల్లున్నదేమో చూడవలెను. శస్త్రచికిత్సానంతరము గుండె బలహీనముగా నున్నదన్నచో, క్రొత్తగా కుట్టిన రక్తనాళము మూసికొనిపోయెనా, కవాటము కారుచున్నదా, గుండె చుట్టు రక్తము గడ్డకట్టి నొక్కుచున్నదా యని శస్త్రవైద్యుడు ముందుగా వెదకవలెను. అట్టి లోపమును దిద్దక యంత్రమును తగిలించుట వృథా.

యంత్రపు అండ అను ఆలోచన గిబ్బన్ విజయము తరువాత పది సంవత్సరములకే పుట్టినది. 1963లో హ్యూస్టన్ నగరమున లియొట్టా, క్రాఫర్డు అను వైద్యులు బృహద్ధమని కవాటము మార్పించుకొనిన పిమ్మట గుండె ఆగిన రోగికి ఎడమ జఠరికకు సహాయపడు పంపును అమర్చిరి. పంపు పనిచేసినది, రోగి నాలుగు దినములకు మరణించెను. 1966 ఆగస్టులో అదే నగరమున డాక్టరు మైకేల్ డిబేకీ రెండు కవాటములు మార్చిన 37 సంవత్సరముల స్త్రీకి, ఆమె గుండె–ఊపిరితిత్తుల యంత్రమును విడువలేకపోగా, శరీరము వెలుపలనుండి పనిచేయు పంపును తగిలించెను. 10 దినములకు ఆమె గుండె కోలుకొనినది, పంపు తీసివేసిరి, ఆమె యింటికి పోయెను. కొన్ని సంవత్సరముల పిమ్మట ఆమె మరణించినది గుండె వలన కాదు, రోడ్డు ప్రమాదము వలన. ఈ రెండు వృత్తాంతములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మంచిది. నేటికిని ఈ చికిత్స ఫలితములు ఈ రెంటి నడుమనే ఊగుచున్నవి.

యంత్రములలో సులభమైనది, మన దేశమున ఎక్కువగా వాడుకలో నున్నది బెలూన్ పంపు. 1962లో మౌలోపౌలోస్, కోల్ఫు మొదలగువారు దీనిని ఊహించిరి. 1967లో న్యూయార్కు నగరమున కాంట్రోవిట్జు దీనిని రోగులకు వాడెను. గజ్జలలోని ధమనినుండి సన్నని గొట్టము ద్వారా పొడవైన బుడగ నొకదానిని ఛాతీలోని బృహద్ధమనిలోనికి ఎక్కింతురు. వెలుపలనున్న పెట్టె హీలియము వాయువుతో దానిని ఉబ్బించుచు, తగ్గించుచు నుండును. గుండె ముడుచుకొని రక్తమును వదలిన మరుక్షణము బుడగ ఉబ్బును; ధమనిలోని రక్తము వెనుకకు తోయబడి గుండెకు స్వంతమైన ధమనులలోనికి ఎక్కువగా పోవును. మరల గుండె ముడుచుకొనబోవుటకు రవ్వంత ముందు బుడగ తగ్గును. ఖాళీ ఏర్పడినందున గుండె తక్కువ శ్రమతో రక్తమును వదలగలుగును. యుక్తి సొగసైనదే. కాని బలము స్వల్పము. గుండె తానుగా కొంత పనిచేయుచున్ననే బెలూను ఉపకరించును. నిమిషమునకు అది అదనముగా చేకూర్చునది సుమారు అర లీటరు మొదలు ఒక లీటరు మాత్రమే. పైగా, 2012లో జర్మనీలో గుండెపోటు వలన రక్తప్రసరణము కుంటుపడిన 600 మందిలో జరిపిన పరీక్షలో, నెల దినములలోగా మరణించినవారు బెలూను పెట్టినవారిలో నూటికి సుమారు 40, పెట్టనివారిలో సుమారు 41 అని తేలినది. ఆ రోగులు వేరు, శస్త్రచికిత్స అయిన రోగులు వేరు. అయినను బెలూను పెట్టితిమి కదా యని నిశ్చింతగా నుండరాదని ఆ పరీక్ష నేర్పుచున్నది.

గుండె ఏమాత్రము సహకరింపనప్పుడు కావలసినది ఎక్మో. పేరు కఠినముగా నున్నను తత్త్వము గిబ్బన్ యంత్రమునదే. పెద్ద సిరనుండి నల్లని రక్తమును బయటికి తీసి, తిరుగుడు పంపుతో నెట్టి, సన్నని బోలు దారములవంటి పొరల గుండా పోనిచ్చి, ప్రాణవాయువుతో ఎఱ్ఱబరచి, ధమనిలోనికి తిరిగి పంపుదురు. శస్త్రచికిత్స గదిలోని యంత్రము గంటల పని. ఎక్మో దినముల పని. 1972లో డాక్టరు బార్ట్‌లెట్ గుండెకు శస్త్రచికిత్స జరిగిన రెండేండ్ల బిడ్డను 36 గంటలు ఈ విధముగా నిలిపి కాపాడెను. వీటికి తోడు, సన్నని గొట్టపు కొనయందు అమర్చిన చిన్న పంపు నొకదానిని బృహద్ధమని కవాటము గుండా ఎడమ జఠరికలోనికి దించి, అక్కడి రక్తమును తోడి ధమనిలో పోయు సాధనము, ఇంపెల్లా యనునది, ఇటీవల వచ్చినది. దానిలో శక్తివంతమైన నమూనాను 14 దినముల వరకు వాడుటకు 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతించినది. ఎడమ ప్రక్క మాత్రమే అలసినవారికి అది తగును. ఊపిరితిత్తులు కూడ చెడినప్పుడు, రెండు ప్రక్కల గుండెయు కూలినప్పుడు ఎక్మోయే శరణ్యము.

ఇక ఫలితములను దాపరికము లేక చెప్పవలెను. శస్త్రచికిత్సానంతరము ఎక్మో పెట్టిన పెద్దవారిలో ఆసుపత్రి వదలి సజీవముగా ఇంటికి పోవువారు నూటికి సుమారు 35 మొదలు 40 మంది. అనగా సగముకంటె ఎక్కువమంది దక్కరు. ఈ సంఖ్యను చూచి నిరాశపడువారు దానిని దేనితో పోల్చవలెనో మరచుచున్నారు. యంత్రము లేనిచో వీరిలో బ్రతికెడివారు దాదాపు లేరు. అయితే 2023లో ప్రకటింపబడిన మరియొక జర్మను పరీక్షలో, గుండెపోటు వలన ప్రసరణము కూలినవారికి అందరికిని తొలుతనే ఎక్మో పెట్టినందువలన మరణములు తగ్గలేదనియు, రక్తస్రావము మాత్రము హెచ్చెననియు తేలినది. శస్త్రచికిత్సానంతర రోగులలో అట్టి పెద్ద పరీక్ష జరుపుట మిక్కిలి దుష్కరము. కండ్ల యెదుట పోవుచున్న రోగికి చీటీ వేసి యంత్రము ఇచ్చుటో మానుటో ఏ వైద్యుని చేతను కాదు. కావున వైద్యుల అనుభవమే చాలవరకు ఇక్కడ ప్రమాణము.

యంత్రము చేయు కీడు కూడ తక్కువది కాదు. గొట్టములలో రక్తము గడ్డకట్టకుండ హెపారిన్ ఇయ్యవలెను. కాని ఆ రోగి ఛాతీని అప్పుడే కోసి కుట్టియున్నారు, హెపారిన్ ఇచ్చినచో ప్రతి కుట్టునుండియు రక్తము కారును. ఇయ్యకున్న గడ్డలు, ఇచ్చిన రక్తస్రావము. స్రావము నిలుచువరకు మొదటి గంటలలో హెపారిన్ ఆపి వేచియుండుట పలుచోట్ల ఆచారము. గడ్డ ఒకటి మెదడుకు పోయినచో పక్షవాతము కలుగవచ్చును. గజ్జలలోని ధమనికి గొట్టము వేసినచో ఆ కాలికి రక్తము తగ్గి కాలు నల్లబడవచ్చును. దానిని నివారించుటకు క్రిందికి పోవునట్టి చిన్న గొట్టము వేరుగా వేయుదురు. మూత్రపిండములు మందగించి డయాలిసిస్ కావలసి వచ్చుట తరచు. ధమనిలోనికి యంత్రము నెట్టు రక్తమునకు ఎదురుగా బలహీనమైన ఎడమ జఠరిక తెరచుకొనలేక ఉబ్బిపోవుట మరియొక ప్రమాదము. అప్పుడు బెలూనునో, ఇంపెల్లానో తోడు చేర్చుదురు. విశ్రాంతి ఇయ్యవలసిన యంత్రమే భారము మోపుట విపరీతముగా తోచవచ్చును గాని జరుగుచున్న విషయము.

ఇంత ప్రమాదము గల యంత్రమును ఎప్పుడు పెట్టవలెను? ఈ విషయమున నా మనసు నిశ్చయముగా నున్నది. పెట్టదలచినచో త్వరగా పెట్టవలెను. రెండు మూడు మందులు పెద్ద మోతాదులలో నడచుచు, రక్తపు పోటు నిలువక, మూత్రము తగ్గి, రక్తములో లాక్టేటు గంటగంటకు పెరుగుచున్నచో అవయవములు ఆకలిగొనియున్నవని అర్థము. ఆ స్థితిలో రేపటివరకు చూతమని ఆగుట ఓర్పు కాదు. గుండె మొద్దుబారినది మాత్రమే యైయుండవచ్చును; కాని కాలేయము, మూత్రపిండములు, మెదడు ఆ లోపల చెడినచో, నాలుగు దినములకు గుండె కోలుకొనినను మనిషి కోలుకొనడు. ఆలస్యముగా పెట్టిన యంత్రపు ఫలితములు చెడ్డవగుట చూచి యంత్రమే చెడ్డదని తీర్మానించు ఆసుపత్రులు తమ గడియారమును ముందుగా పరీక్షించుకొనవలెను.

ఈ తొందరకును, ముందుగా చెప్పవలెనను నా వాదమునకును సంబంధమున్నది. సాధారణముగా జరుగునదేమి? ఉదయము గదిలోనికి తీసికొనిపోయిన రోగి సాయంకాలమైనను వెలుపలికి రాడు. వరండాలో కూర్చున్న కుమారుని రాత్రివేళ పిలిచి, గుండె సహకరించుట లేదు, ఎక్మో పెట్టవలెను, ఇంత ఖర్చగును, ఇక్కడ సంతకము చేయుమందురు. ఆ పదము అతడెన్నడును వినలేదు. తల్లితో చెప్పవలెనా, ఊరిలోనున్న పినతండ్రిని అడుగవలెనా, ఉన్న ఎకరము అమ్మవలెనా యని అతడు తల్లడిల్లుచుండగా గంట గడచును. ఆ గంటయే రోగికి ముఖ్యమైనది. ఇట్టి సంతకమును సమ్మతి యనుట నాకు సమ్మతము కాదు.

ఆ మాటయే రెండు దినముల ముందు చెప్పినచో పది నిమిషముల పని. వైద్యుడు ఇట్లు చెప్పవచ్చును: “అయ్యా, మీ కవాటము మార్చిన పిమ్మట మీ గుండె తనంతట తాను నడచునని మా నమ్మకము. నూటికి ఒకరిద్దరిలో అది కొన్నాళ్ళు అలసిపోవచ్చును. అట్లయినచో కొన్ని దినములు ఒక యంత్రముతో దానికి విశ్రాంతి ఇత్తుము. అట్టివారిలో ముగ్గురికి ఒక్కరో, కొంత ఎక్కువయో బ్రతుకుదురు. అది పెట్టుట మీకు ఇష్టమేనా? మీరు స్పృహలో లేనప్పుడు మీ తరపున నిర్ణయించువారెవరు? వారమునకు గుండె కోలుకొనకున్నచో ఏమి చేయవలెనని మీ కోరిక?” ఈ ప్రశ్నలకు రోగి స్వయముగా చెప్పిన జవాబును, తన తరపున మాటాడవలసినవారి పేరును కేసు కాగితములో వ్రాసియుంచినచో ఆ రాత్రి కుమారునిపై పడు భారములో సగము తగ్గును.

దీనికి రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. భయపడి రోగి శస్త్రచికిత్సయే మానుకొనునని మొదటిది. భయము నిజమే; పల్లెటూళ్ళనుండి వచ్చువారు కత్తి పేరు విన్ననే వెనుకకు తిరుగుటయు కలదు. కాని రక్తస్రావము, పక్షవాతము, మరణము కూడ కలుగవచ్చునని సమ్మతి పత్రములో వ్రాసి సంతకము చేయించుచున్నప్పుడు లేని భయము యంత్రపు పేరు చెప్పినంత మాత్రమున ఎట్లు కలుగును? చెప్పు తీరులో నున్నది గాని చెప్పుటలో లేదు. ఆసుపత్రివారు బిల్లు పెంచుకొనుటకే యంత్రము పెట్టుదురని ప్రజలలో నున్న అనుమానము రెండవది. ఈ అనుమానమును కొట్టివేయుట తేలిక కాదు, కొట్టివేయరాదు కూడ. రాత్రివేళ హఠాత్తుగా వినిపించిన పెద్ద మొత్తము ఎవనికైనను అనుమానము కలిగించును. ఎప్పుడు పెట్టుదుము, ఎంత ఖర్చగును, ఎప్పుడు తీసివేయుదుమని ముందే వ్రాతమూలకముగా చెప్పుటకంటె దీనికి వేరు మందు లేదు.

ఎప్పుడు తీసివేయుదుమను ప్రశ్న పెట్టుటకంటె కష్టమైనది. కోలుకొను గుండె సాధారణముగా మూడు నాలుగు దినములనుండి వారము లోపల ఆ సూచనలు చూపును. యంత్రపు ప్రవాహమును కొంచెము కొంచెముగా నిమిషమునకు లీటరు, లీటరున్నర వరకు తగ్గించుచు ఎకో పరీక్షతో జఠరికలను చూతురు. మందులు స్వల్పముగా నుండగనే గుండె నిలువగలిగినచో గొట్టములు తీయుదురు. కోలుకొననిచో రెండు మార్గములు. గుండె మార్పిడికో, దీర్ఘకాలపు పంపునకో రోగి అర్హుడైనచో యంత్రము అంతవరకు వంతెన యగును. మన దేశమున 1994 ఆగస్టులో, అవయవముల మార్పిడి చట్టము వచ్చిన సంవత్సరముననే, రాజమహేంద్రవరమున జన్మించిన డాక్టరు వేణుగోపాల్ ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయందు తొలి గుండె మార్పిడిని జయప్రదముగా చేసిరి. కాని దాతలు కొద్దిమంది. మెదడు దెబ్బతిని, మూత్రపిండములు పోయిన వృద్ధునికి ఆ వంతెన ఆవలి గట్టు లేదు. అట్టి రోగిని యంత్రముమీద వారములు ఉంచుట ప్రాణమును కాపాడుట కాదు, మరణమును సాగదీయుట. ఈ స్థితిలో చికిత్సను విరమించుటకు న్యాయమైన మార్గము 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వలన ఏర్పడినది; 2023 జనవరిలో ఆ పద్ధతిని కొంత సులభము చేసిరి. రెండు వైద్యమండలులు చూచి, ఇంటివారి సమ్మతితో నిర్ణయింపవచ్చును. ముందుచూపు గలవారు తమ కోరికను జీవించియుండగనే వ్రాసి సాక్షులతో ధ్రువపరచుకొనవచ్చును. ఈ విషయము ఎరుగని వైద్యులు సైతము పెక్కురు.

ధనమును గూర్చి చెప్పక తప్పదు. 2007లో ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ, 2018లో దేశమంతట కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు వైద్యమునకు ఇచ్చు ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన వచ్చుటతో, కూలిచేసి బ్రతుకు కుటుంబములవారికి సైతము గుండె శస్త్రచికిత్స అందుబాటులోనికి వచ్చినది. ఇది సామాన్యమైన మార్పు కాదు. కాని ఎక్మో సామగ్రికిని, రక్తమునకును, మందులకును, రేయింబవళ్ళు ప్రక్కన నిలుచు సిబ్బందికిని అగు వ్యయము లక్షలలో నుండును. శస్త్రచికిత్సకు ప్రభుత్వము సొమ్మిచ్చినప్పుడు, ఆ శస్త్రచికిత్సలో భాగముగా కలుగు అపాయమునకు కూడ ముందే ఒక నిర్ణీత ఏర్పాటు ఉండవలెను. పడవ ఎక్కించి నడియేట చుక్కాని ధర వేరుగా అడుగరాదు. అందులకు ప్రతిగా ఆసుపత్రులు ఎందరికి పెట్టిరో, ఎందరు బ్రతికిరో ప్రతి సంవత్సరము ప్రకటింపవలెను.

అట్లని ప్రతి జిల్లా ఆసుపత్రియందు ఎక్మో యంత్రమును కొనిపెట్టుట మాత్రము దుర్వ్యయమే. యంత్రమును కొనుట ఒక దినపు పని. గంటగంటకు గొట్టములలో గడ్డలు వెదకుచు, కాలి వేళ్ళ రంగు చూచుచు, రాత్రి మూడు గంటలకు పంపు మ్రోగించు హెచ్చరికకు అర్థము తెలిసి చేయి వేయగల నర్సును, పర్‌ఫ్యూజనిస్టును తయారుచేయుట ఏండ్ల పని. సంవత్సరమునకు ఇద్దరు ముగ్గురు రోగులను చూచు చోట ఆ నేర్పు నిలువదు. కొన్ని పెద్ద కేంద్రములలో మాత్రమే ఎక్మో ఉండవలెను. గుండె శస్త్రచికిత్స చేయు చిన్న ఆసుపత్రులలో బెలూను పంపును, దానిని సకాలమున వాడు తెలివియు, పెద్ద కేంద్రపు వైద్యులను ఏ వేళనైనను పిలువగల ఒప్పందమును ఉండవలెను. ఎక్మో బృందము తానే అంబులెన్సులో పోయి, అక్కడనే యంత్రము తగిలించి, రోగిని తీసికొనివచ్చు పద్ధతి అమలులో నున్నదే. దానిని విస్తరింపజేయుట చాలును.

సాధనములలో ఎక్కువభాగము విదేశములనుండి వచ్చుచున్నందున ధర తగ్గుట లేదు. తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ స్వదేశమున రూపొందించిన గుండె కవాటమును 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చిరి. నేటికి లక్షకు పైగా రోగులు ఆ కవాటమును పొందిరి. కవాటమును చేయగలిగిన దేశము పంపును, ప్రాణవాయువు పొరను ఏల చేయలేదు? ఈ ప్రశ్న ఇంజనీరింగు కళాశాలలకు కూడ వేయదగినది.

మరియొక వైపున, గుండెను తెరచు అవసరమే రాకుండ చేయవచ్చునను సంగతిని ఈ యంత్రముల గొప్పలో మరువరాదు. మన దేశమున యువజనుల కవాటములు చెడుటకు ముఖ్య కారణము బాల్యములో వచ్చు కీళ్ళ జ్వరము. దానికి మూలము సరిగా చికిత్స చేయని గొంతునొప్పి. జ్వరము వచ్చిన బిడ్డకు మూడు లేక నాలుగు వారముల కొకసారి పెన్సిలిను సూదిమందు ఏండ్ల తరబడి క్రమము తప్పక వేయించినచో జబ్బు తిరుగబెట్టదు. ఒక ఎక్మో రోగికి అగు వ్యయముతో ఎందరు పిల్లలకు ఆ సూదులు వేయవచ్చునో లెక్క వేయుట కష్టము కాదు. ఈ లెక్క చూపి యంత్రములు వద్దనువారితో నేను ఏకీభవింపను. నేడు బల్లమీదనున్న రోగిని నిన్నటి అశ్రద్ధకు శిక్షింపరాదు. కాని బడ్జెటులో పెన్సిలిను పద్దు యంత్రపు పద్దుకంటె ముందు వ్రాయవలసినదే.

రక్తము సంగతి చివరగా చెప్పవలెను. ఎక్మోమీదనున్న రోగికి రక్తమే గాక ప్లేట్‌లెట్లు, ప్లాస్మా కూడ దినదినము కావలసిరావచ్చును. ప్లేట్‌లెట్లు అయిదు దినములకంటె ఎక్కువ నిలువవు. కావున ముందెప్పుడో ఇచ్చిన దానముతో పని గడవదు. రోగి వెంట వచ్చిన నలుగురు బంధువులు రాత్రివేళ రక్తనిధివద్ద వరుసలో నిలుచుట మన ఆసుపత్రులలో పరిపాటి యైనది. ఆరోగ్యవంతులైన పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి రక్తమీయవచ్చును. శస్త్రచికిత్సకు తేదీ నిర్ణయించిన నాడే ఇంటివారు తమ రక్తవర్గమును, సిద్ధముగా నుండు దాతల పేర్లను ఆసుపత్రిలో వ్రాయించి, అక్కడ బెలూను పంపు కలదా, ఎక్మో కలదా, లేనిచో ఎక్కడికి పంపుదురు అని అడిగి తెలిసికొనవలెను. ఆ ప్రశ్నలకు విసుగుకొను వైద్యుడున్నచో మరియొకసారి అడుగుటకు సందేహింపనక్కరలేదు.